మూడు నెలల షుగర్ టెస్ట్ (హెచ్‌బీఏ1సీ): ఎప్పుడు చేయించుకోవాలి, వచ్చిన అంకెను ఎలా సరిచూసుకోవాలి?

"పరగడుపున 110 ఉంటోంది, మరి హెచ్‌బీఏ1సీ 8 ఎందుకొచ్చింది?" షుగర్ ఉన్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దాని వెంటే ఇంకో రెండు వస్తాయి. "ల్యాబ్ వాళ్ళేమైనా తప్పు చేశారా?" "టెస్ట్‌కి ముందు ఓ వారం తీపి మానేస్తే తగ్గుతుందా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం వరుసగా ఇక్కడ రాసేస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. పన్నెండేళ్ళుగా షుగర్‌తో ఉంటూ, ఇంట్లో ఇంకో ఇద్దరి రిపోర్టులు కూడా చూసుకుంటున్న మనిషిని. మందుల మోతాదు దగ్గర మాత్రం మీ డాక్టర్ మాటే చివరి మాట.

ముందు రెండే ముక్కలు తెలుసుకుంటే చాలు. రక్తంలోని చక్కెర ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది, ఆ కణం ఉన్నన్నాళ్ళూ దాన్ని పట్టుకునే ఉంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి ఎంత శాతం హిమోగ్లోబిన్‌కి చక్కెర పట్టిందో కొలిస్తే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. అయితే ఆ సగటులో అన్ని రోజులకీ సమాన వాటా ఉండదు, దాదాపు సగం వాటా చివరి నెలదే. రెండో ముక్క ఏమిటంటే, ఈ టెస్ట్ చక్కెరను నేరుగా కొలవదు, ఎర్రకణాల మీద మిగిలిన ఆనవాలును కొలుస్తుంది. ఎర్రకణాల లెక్కే తారుమారైతే టెస్ట్ కూడా తారుమారవుతుంది. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.

కింద షుగర్ అంకెలన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో రాశాను. మీ మీటర్ 6.5, 8.2 లాంటి చిన్న అంకెలు చూపిస్తే అవి మిల్లీమోల్స్. వాటిని 18తో గుణించుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత హెచ్‌బీఏ1సీ రిపోర్టులు, కనీసం రెండు
- గ్లూకోమీటర్, గడువు దాటని స్ట్రిప్పులు, ఒక నోట్‌బుక్
- ఈమధ్య చేయించిన రక్తపరీక్ష, అందులో హిమోగ్లోబిన్ ఎంతుందో కనిపించాలి
- వాడుతున్న మందులన్నిటి జాబితా (ఐరన్, బీ12 మాత్రలు కూడా మందులే, వాటిని వదిలేయకండి)
- గత నాలుగు నెలల్లో ఆపరేషన్, రక్తం ఎక్కించడం, ఎక్కువ రక్తస్రావం లాంటివి జరిగి ఉంటే వాటి తేదీలు

1. తేదీ ఖరారు చేసుకోండి

షుగర్ అదుపులో ఉండి, మందులేమీ మారకపోతే ఏడాదికి కనీసం రెండుసార్లు చాలు. మందు మారినా, అనుకున్న అంకెకి దిగకపోయినా మూడు నెలలకోసారి.

మందు మార్చిన మూడు వారాలకే పరుగెత్తి చేయించుకుని "తగ్గలేదే" అని దిగులుపడేవాళ్ళని చూశాను. అప్పటికి పాత కణాలే ఎక్కువ ఉంటాయి కాబట్టి పాత కథే వినిపిస్తుంది. మూడు నెలలు ఆగండి. అంతలోపు మందు పనిచేస్తోందో లేదో చూడ్డానికి మీటర్ ఉంది.

2. రెండు వారాల ముందు నుంచి రీడింగులు రాయండి

చాలామంది వదిలేసేది ఈ పనినే. వచ్చిన అంకెను దేంతో పోల్చాలో తెలియాలంటే మీ చేతిలో మీ లెక్క ఉండాలి.

రోజుకి రెండు స్ట్రిప్పులు చాలు. మొదటి రోజు ఉదయం తినడానికి ముందు ఒకటి, తిన్న రెండు గంటలకి ఒకటి. రెండో రోజు మధ్యాహ్నం భోజనానికి ముందు, తర్వాత. మూడో రోజు రాత్రి భోజనానికి ముందు, తర్వాత. నాలుగో రోజు మళ్ళీ మొదటికి. ఇలా తిప్పితే 14 రోజుల్లో 28 రీడింగులు వస్తాయి, రోజులోని అన్ని వేళలూ కవర్ అవుతాయి.

- రెండు గంటలు అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు.
- వేలు పొడుచుకునే ముందు సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి. పండు ఒలిచిన వేలితో చేస్తే ఆ రసంలోని చక్కెర కూడా లెక్కలో కలిసి అంకె ఎక్కడికో పోతుంది.
- బాగాలేని రీడింగు వచ్చిందని రాయకుండా వదిలేయకండి. ఆ నోట్‌బుక్ మీకోసమే, ఎవరూ మార్కులు వేయరు.

గర్భిణులకి, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి ఈ రోజుకి రెండు లెక్క సరిపోదు. డాక్టర్ చెప్పినన్నిసార్లు చూసుకోవాల్సిందే.

3. ల్యాబ్ మార్చకండి

ప్రతిసారీ ఒకే ల్యాబ్, ఒకే పద్ధతి. హెచ్‌బీఏ1సీ కొలిచే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. హెచ్‌పీఎల్‌సీ అనేది వాటిలో ఒకటి, రిపోర్ట్‌లో పరీక్ష పేరు కింద చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. తమ పద్ధతికి ఎన్‌జీఎస్‌పీ గుర్తింపు ఉందా అని ల్యాబ్ వాళ్ళని అడగండి. ప్రపంచంలో ఎక్కడి ల్యాబ్ ఇచ్చిన అంకైనా ఒకే కొలమానానికి రావడానికి పెట్టిన ఏర్పాటది. తెలియదని జవాబు వస్తే నేనైతే ఇంకో ల్యాబ్ చూసుకుంటాను.

వేలి చుక్కతో అయిదారు నిమిషాల్లో ఫలితం చెప్పే చిన్న యంత్రాలు కూడా ఉన్నాయి. షుగర్ ఉందని తెలిసినవాళ్ళు మధ్యమధ్యలో చూసుకోవడానికి పనికొస్తాయి. అసలు షుగర్ ఉందా లేదా అని మొదటిసారి తేల్చుకోవడానికి మాత్రం నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లోనే చేయించుకోండి.

4. రక్తం ఇవ్వండి

ఈ టెస్ట్‌కి పరగడుపు అక్కర్లేదు. తినేసి వెళ్ళొచ్చు, సాయంత్రం వెళ్ళొచ్చు. దాంతోపాటు ఫాస్టింగ్ షుగర్ కూడా రాసి ఉంటే అప్పుడు మాత్రం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి, మంచినీళ్ళు తాగొచ్చు. ఇన్సులిన్, మాత్రలు వేసుకునేవాళ్ళు ఆ పూట మందు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడిగి ఉంచుకోండి. మందు వేసుకుని, ఏమీ తినకుండా, ల్యాబ్ క్యూలో గంట సేపు నిలబడితే షుగర్ పడిపోతుంది.

హెచ్‌బీఏ1సీకి రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబ్‌లో తీస్తారు. ఇంటికొచ్చి తీసుకెళ్ళే మనిషి వేరే ట్యూబ్ ఒక్కటే నింపి వెళ్ళిపోతుంటే అడగడంలో తప్పేం లేదు.

5. రిపోర్ట్‌లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

రిపోర్ట్ చేతికి రాగానే అందరి కళ్ళూ పడేది అంకె పక్కనున్న ఎర్ర గుర్తు మీద. పక్కనే "5.7 కంటే తక్కువ" అని రాసి ఉంటుంది. ఇక టెన్షన్ మొదలు. ఆ హద్దు షుగర్ లేనివాళ్ళది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, 6.5 ఆపైన డయాబెటిస్ అని నిర్ధారణకి వాడే గీతలవి. అదీ లక్షణాలేమీ లేనివాళ్ళకి ఒక్క రిపోర్ట్‌తో ముద్ర వేయరు, రెండోసారి చూసి ఖాయం చేస్తారు. ఇప్పటికే షుగర్ ఉన్న మీకు కావాల్సింది ఆ గీత కాదు, మీ డాక్టర్ మీకు పెట్టిన లక్ష్యం. చాలామంది పెద్దవాళ్ళకి అది 7 లోపు. వయసు బాగా పైబడినవాళ్ళకి, ఇతర జబ్బులున్నవాళ్ళకి, తరచూ లో షుగర్ వచ్చేవాళ్ళకి 8 లోపు ఉంటే చాలంటారు. మీ లక్ష్యం ఎంతో ఇప్పటిదాకా అడగకపోతే ఈసారి వెళ్ళినప్పుడు మొదటి ప్రశ్న అదే కావాలి.

శాతం బదులు 53, 64 లాంటి అంకెలు కనిపిస్తే అది వేరే యూనిట్, కంగారు పడకండి. 48 అంటే 6.5 శాతం, 53 అంటే 7, 64 అంటే 8, 75 అంటే 9.

కింద "అంచనా సగటు గ్లూకోజ్" అని ఇంకో అంకె ఉంటుంది, 183 అనో 212 అనో. "పరగడుపున నాకు 183 ఉందంట" అని ఫోన్ చేసినవాళ్ళున్నారు. అది ఆరోజు షుగర్ కాదు. హెచ్‌బీఏ1సీ నుంచి సూత్రం వేసి కట్టిన లెక్క మాత్రమే.

6. మీ నోట్‌బుక్‌తో పోల్చండి

సూత్రం ఇదీ: హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసేస్తే సగటు షుగర్ వస్తుంది. అంత గుణకారం ఎందుకనుకుంటే 7 అంటే 154 అని గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి ఒక్కో శాతానికి సుమారు 29 కలపండి, లేదా తీసేయండి. 6కి 126, 8కి 183, 9కి 212, 10కి 240.

ఇప్పుడు మీ 28 రీడింగులనీ కూడి 28తో భాగించండి. రెండు అంకెలనీ పక్కపక్కన రాయండి. అచ్చుగుద్దినట్టు కలవాలని ఆశపడకండి. హెచ్‌బీఏ1సీ 7 ఉన్నవాళ్ళలో అసలు సగటు 123 నుంచి 185 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, మనిషికీ మనిషికీ అంత తేడా ఉంటుంది. 30 వరకు తేడాను నేను పట్టించుకోను. అంతకు మించితేనే కారణం వెతుకుతాను. ఇది నా పద్ధతి.

నా సొంత ఉదాహరణ చెప్తాను. ఒకసారి నాకు 8.2 వచ్చింది. అంటే సగటు 189. నా నోట్‌బుక్‌లో సగటేమో 122. ల్యాబ్ మీద కోపమొచ్చింది, మళ్ళీ చేయించాలనుకున్నాను. ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే విషయం అర్థమైంది. అందులో ఉన్నవన్నీ పొద్దున లేవగానే తీసిన రీడింగులే. రోజంతటిలో నా షుగర్ అతి తక్కువగా ఉండే వేళ చూసుకుని ఆనందపడుతున్నానన్నమాట. మర్నాటి నుంచి భోజనం అయిన రెండు గంటలకి చూశాను: 236, 228, 251, 219. ల్యాబ్ చెప్పింది నిజమే.

మీకూ ఇలా హెచ్‌బీఏ1సీ ఎక్కువ, మీటర్ సగటు తక్కువ వస్తే ముందుగా అడగాల్సిన ప్రశ్న: తిన్న తర్వాత ఎన్నిసార్లు చూశాను? జవాబు "ఎప్పుడూ లేదు" అయితే ల్యాబ్ జోలికి వెళ్ళకండి.

మీటర్ మీదే అనుమానం ఉంటే, ల్యాబ్‌లో షుగర్ కోసం రక్తం ఇచ్చే నిమిషంలోనే పక్కన కూర్చుని మీటర్‌తో కూడా చూసుకోండి, తినకముందు అయితే మేలు. ల్యాబ్ అంకెకి 15 శాతం అటూ ఇటూ ఉంటే మీటర్ బాగున్నట్టే. ల్యాబ్ 140 అంటే మీటర్ 119 నుంచి 161 లోపు చూపించాలి.

7. అప్పటికీ కలవకపోతే ఎర్రకణాల సంగతి చూడండి

మా అమ్మకి ఆపరేషన్ జరిగినప్పుడు రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఐదు వారాల తర్వాత హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అంతకుముందు 8.4. ఇంట్లో అందరం సంబరపడ్డాం, ఒక మాత్ర తగ్గించేద్దామా అన్నదాకా వెళ్ళింది మాట. మీటర్ మాత్రం పొద్దున 170, తిన్నాక 240 అంటోంది. మీటర్ పాడైందనుకుని కొత్తది కొన్నాం. అదీ అదే అంది. చివరికి డాక్టర్ డిశ్చార్జ్ కాగితం చూసి, "ఇది మీ అమ్మగారి హెచ్‌బీఏ1సీ ఒక్కటే కాదు, రక్తం ఇచ్చినవాళ్ళది కూడా కలిసింది" అన్నారు. ఎక్కించిన కణాల మీద చక్కెర తక్కువ కాబట్టి అంకె పడిపోయింది.

అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపించే సందర్భాలు:

- ఈమధ్య రక్తం ఎక్కించడం, ఎక్కువ రక్తస్రావం కావడం
- ఎర్రకణాలు ముందుగానే విరిగిపోయే జబ్బులు
- కిడ్నీ జబ్బు ముదిరి డయాలసిస్‌లో ఉండటం, రక్తం పెరగడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు తీసుకోవడం
- రక్తహీనతకి ఐరన్ చికిత్స కొత్తగా మొదలుపెట్టడం
- గర్భం
- డాప్సోన్ అనే మందు వాడటం

ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించేవి: ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనత, బీ12 లేదా ఫోలేట్ లోపం, ప్లీహం తీసేసి ఉండటం. ముఖ్యంగా ఐరన్ లోపం ఆడవాళ్ళలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. హిమోగ్లోబిన్ తక్కువున్న మనిషికి హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే చూసి మందు పెంచితే లో షుగర్ వచ్చే ప్రమాదం ఉంది. అందుకే పైన జాబితాలో హిమోగ్లోబిన్ రిపోర్ట్ దగ్గర పెట్టుకోమన్నాను.

సికిల్ సెల్, తలసీమియా లాంటివి వంశంలో ఉంటే ల్యాబ్‌కీ డాక్టర్‌కీ ముందే చెప్పండి. కొన్ని పద్ధతులు వీటితో తికమకపడతాయి, కొన్ని పడవు. తల్లిదండ్రులిద్దరి నుంచీ సికిల్ జన్యువు వచ్చినవాళ్ళకి మాత్రం ఏ పద్ధతిలో చేసినా ఈ టెస్ట్‌ని నమ్మే వీల్లేదు.

ఈ జాబితాలో మీరుంటే డాక్టర్‌ని వేరే దారి అడగండి. రెండున్నాయి.

ఫ్రక్టోసమైన్: ఇది ఎర్రకణాలతో సంబంధం లేకుండా రక్తంలోని ప్రోటీన్లకి అంటుకున్న చక్కెరను చూస్తుంది. గడిచిన రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. మా అమ్మకి చేయించింది ఇదే. మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోతున్నవాళ్ళకి, లివర్ జబ్బుతో ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) తగ్గినవాళ్ళకి ఇదీ నమ్మకం కాదు. గ్లైకేటెడ్ ఆల్బుమిన్ టెస్ట్‌ది కూడా దాదాపు ఇదే దారి.

సీజీఎం: చేతికి అతికించే సెన్సార్. 14 రోజులు పెట్టుకుంటే రోజంతా షుగర్ గ్రాఫ్ వస్తుంది. అందులో చూడాల్సింది 70 నుంచి 180 మధ్య ఎంతసేపు ఉన్నారన్నది. చాలామందికి 70 శాతానికి పైగా సమయం షుగర్ ఆ మధ్యే ఉండాలి, 70 అంకె కంటే కింద 4 శాతం సమయం కూడా ఉండకూడదు. మధ్యలో ఊడదీసి పెట్టి, ఉన్న నాలుగు రోజుల గ్రాఫ్‌తో లెక్కలు కట్టకండి.

పదేపదే చూసే పొరపాట్లు

వారం రోజులు కడుపు కట్టుకుని టెస్ట్‌కి వెళ్ళడం. ఫాస్టింగ్ తగ్గుతుంది, హెచ్‌బీఏ1సీ పెద్దగా కదలదు. రెండూ ఒకే కాగితం మీద చూసిన డాక్టర్‌కి విషయం వెంటనే తెలిసిపోతుంది.

7.4 నుంచి 7.2కి దిగిందని పండగ చేసుకోవడం, 7.2 నుంచి 7.4 అయ్యిందని కుంగిపోవడం. మంచి ల్యాబ్‌లోనూ ఆమాత్రం తేడా మామూలే. 7.0 అని వచ్చింది నిజంగా 6.7 కావచ్చు, 7.3 కావచ్చు. అర శాతం మారితే నిజంగా ఏదో మారినట్టు లెక్క. వరుసగా మూడు రిపోర్టులు ఒకే దిక్కుకి నడుస్తుంటే చిన్న తేడా అయినా పట్టించుకోండి.

సగటు బాగుంది కదా అని ఊరుకోవడం. రోజంతా 150 దగ్గర నిలకడగా ఉండే మనిషికీ, ఒకపూట 50కి పడి ఇంకోపూట 250కి ఎగిరే మనిషికీ హెచ్‌బీఏ1సీ ఒకేలా రావచ్చు. మొదటి మనిషి హాయిగా ఉంటాడు. రెండో మనిషి చెమటలు పట్టి, చేతులు వణికి, ఏ మెట్ల మీదో పడిపోతాడు. ఇన్సులిన్ గానీ, షుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడే పెద్దవాళ్ళకి 5.8 వస్తే మెచ్చుకునే ముందు లో షుగర్లు ఎన్ని వచ్చాయో అడగండి. 70 కంటే తక్కువ వచ్చిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో చుట్టూ గీత గీసి ఉంచండి.

ఏళ్ళ తరబడి 11, 12 ఉన్న మనిషి ఒక్క నెలలో 6కి దిగిపోవాలని చూడటం. అంత వేగంగా దించితే కంటి రెటీనా జబ్బు ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు అది ముదరొచ్చు. ముందు కళ్ళు చూపించుకుని, ఎంత వేగంగా దించాలో డాక్టర్‌తో మాట్లాడుకోండి.

హెచ్‌బీఏ1సీ ఒక్కటీ చేయించుకుని మిగతావి మరిచిపోవడం. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), కొలెస్ట్రాల్, కంటి పరీక్ష, పాదాల పరీక్ష ఏడాదికోసారైనా ఉండాలి. అంకె 6.8 ఉన్నా సరే.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిన చీటీ

రిపోర్టుల కట్ట అంతా బల్ల మీద పరిస్తే డాక్టర్‌కి చూసే టైమ్ ఉండదు. ఒక చిన్న కాగితం మీద అయిదు లైన్లు రాసుకెళ్ళండి. ఆ 8.2 వచ్చినప్పుడు నేను రాసుకెళ్ళింది ఇదీ:

హెచ్‌బీఏ1సీ 8.2. గతసారి 7.6, అదే ల్యాబ్.
పరగడుపు సగటు 122. తిన్నాక సగటు 234.
లో షుగర్ ఒక్కసారి, 64, సాయంత్రం ఆరింటికి.
హిమోగ్లోబిన్ 13.1. రక్తం ఎక్కించలేదు, ఐరన్ మాత్రలు లేవు.
రెండు నెలలుగా మధ్యాహ్నం మాత్ర వారంలో రెండుమూడు సార్లు మర్చిపోతున్నాను.

చివరి లైన్ రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. డాక్టర్ మాత్రం చదవగానే కొత్త మందు రాయబోయిన పెన్ను పక్కన పెట్టి, "ముందు ఉన్నదాన్ని మూడు నెలలు సరిగ్గా వేసుకుని రండి, అప్పుడు మళ్ళీ చూద్దాం" అన్నారు.